రేడియో ఆగితే నా డ్రైవర్ కూడా ఆగిపోతున్నాడు

#1 పిట్‌వాల్_గొంతు

అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా కోచింగ్ చేస్తున్నా. బాగానే చేస్తున్నానని అనుకుంటూ వచ్చా. పోయిన టెస్ట్ రోజున ఆ నమ్మకం కాస్త సడలింది, అందుకే ఈ థ్రెడ్.

నా దగ్గర ఒక కుర్రాడున్నాడు. సింగిల్ సీటర్ (ఒక్కరే కూర్చునే రేస్ కారు), రెండో సీజన్. కాళ్ళూ చేతులూ చక్కగా పనిచేస్తాయి, భయం లేదు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ప్రాక్టీస్‌లో నేను రేడియోలో మాట్లాడుతూనే ఉంటా. "ఇక్కడ బ్రేక్ ఇంకాస్త మెల్లగా వదులు", "స్టీరింగ్ తొందరగా తిప్పేస్తున్నావ్", "ఎగ్జిట్‌లో కెర్బ్ వాడుకో" (మలుపులోంచి బయటికొచ్చే చోట ట్రాక్ అంచున ఉండే గట్టు). ల్యాప్ ల్యాప్‌కీ టైం తగ్గుతుంటుంది. వాళ్ళ నాన్న సంతోషం, నా సంతోషం.

మొన్న మధ్యాహ్నం సెషన్‌లో మూడో ల్యాప్ దగ్గర రేడియో పోయింది. ఏదో వైరు వదులైంది, అంతే. నాలుగో ల్యాప్ ఒకటిన్నర సెకను నెమ్మది. ఐదోది ఇంకా నెమ్మది. ఆరో ల్యాప్‌కి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేశాడు. "రేడియో పోయింది సార్, అందుకే వచ్చేశా" అన్నాడు. సరే, కారెలా ఉంది అని అడిగా. "మీరే చెప్పాలి సార్, బయట్నుంచి ఎలా కనిపించింది?" అన్నాడు.

కార్లో కూర్చున్నది వాడు. నేను కంచె పక్కన నిలబడ్డవాణ్ణి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ళలో నేను తయారుచేసింది డ్రైవర్నా, రిమోట్ కారునా? వీడికి తనంతట తాను నేర్చుకోవడం ఎలా అలవాటు చెయ్యాలి? ఎవరైనా ఈ గుంతలోంచి బయటపడ్డారా?

#2 రెండో_గేరు

అన్నా, నాదీ అదే రోగం. కాకపోతే నేను మీ కుర్రాడి వైపు.

ట్రాక్ డేలకి (మామూలు జనాన్ని ట్రాక్ మీద తోలనిచ్చే రోజులు) వెళ్ళేటప్పుడు పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటే నేను మొనగాణ్ణి. ఆయన దిగిపోయాక కూడా ఆయన గొంతు తలలో మోగుతుంటుంది కాబట్టి ఒక రోజు నెట్టుకొస్తా. ఒకసారి వేరే ట్రాక్‌కి వెళ్ళా. తలలో గొంతు వెతికితే ఏమీ లేదు! ఆయన నాకిచ్చింది "బోర్డు దగ్గర బ్రేక్, తెల్ల మచ్చ దగ్గర తిప్పు" అనే జాబితా. ఆ తెల్ల మచ్చ అక్కడే ఎందుకుందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొత్త ట్రాక్‌లో తెల్ల మచ్చ ఎవరు పెడతారు మరి?

#3 కుడికాలు_బరువు

నాకు ఈ ఏడుపు అర్థం కాలేదు. కోచ్‌కి డబ్బులిచ్చేది చెప్పడానికే. నేను పదేళ్ళు తంటాలు పడి కనుక్కున్నది పది నిమిషాల్లో చెప్పేస్తే కుర్రాడికి పదేళ్ళు మిగులుతాయి. "నువ్వే ఆలోచించు నాయనా" అని చేతులు కట్టుకు నిలబడితే అది సోమరితనమా, కోచింగా? టైర్లు, పెట్రోలు, ట్రాక్ అద్దె అన్నీ మీటరు తిరుగుతుంటాయి. తత్వ విచారం ఇంటికెళ్ళాక చేసుకోవచ్చు.

రేడియో వైరు బాగుచేయించు గురూ. సమస్య తీరింది.

#4 డేటా_పిచ్చోడు

వైరు బాగుచేసినా తీరదు కుడికాలు గారూ. లెక్క చూడండి.

గంటకి 180 కిలోమీటర్లు అంటే సెకనుకి 50 మీటర్లు. కోచ్ చూసి, నోరు తెరిచి, మాట కార్లో వినిపించి, డ్రైవర్ కాలు కదిలేసరికి అర సెకను అనుకుందాం (ఇది చాలా ఉదారమైన అంచనా). 25 మీటర్లు పోయాయి. 180 నుంచి 72కి తగ్గాలంటే, సుమారు 1 జీ (భూమ్యాకర్షణ త్వరణమంత) బ్రేకింగ్‌తో, దాదాపు 107 మీటర్లు పడుతుంది. అంటే మీ మాట చేరేసరికి బ్రేకింగ్ జోన్‌లో పావు వంతు అయిపోయింది. కాబట్టి రేడియోలో చెప్పేది ఎప్పుడూ పోయిన మలుపు గురించో, వచ్చే ల్యాప్ గురించో అవుతుంది. ఈ మలుపులో, ఈ క్షణంలో, ఈ టైరుతో ఏం చెయ్యాలన్నది డ్రైవర్ ఒక్కడే తేల్చుకోవాలి. ఇందులో తత్వం ఏమీ లేదు, దూరం భాగించు కాలం.

ఇంకోటి. చలన నైపుణ్యాలు ఎలా అబ్బుతాయన్న పరిశోధనలో 1984లో సాల్మోని, ష్మిట్, వాల్టర్ అని ముగ్గురు ఒక సమీక్ష రాశారు. దాని సారం: ప్రతి ప్రయత్నం తర్వాతా తప్పొప్పులు చెబుతూ ఉంటే ప్రాక్టీస్‌లో ఫలితం బాగుంటుంది. ఆ చెప్పడం తీసేసి పరీక్ష పెడితే, తక్కువ చెప్పించుకున్నవాళ్ళే మెరుగ్గా చేస్తారు. సాయం మీద వాలిపోయి, సొంత ఒంటి నుంచి వచ్చే సమాచారాన్ని మనిషి పట్టించుకోడు. మీ రేడియో కథ అచ్చంగా అదే. నాలుగో ల్యాప్ మీ పరీక్ష.

#5 పాత_టైరు

పిట్‌వాల్ తమ్ముడూ, మొదట ఒక మాట. కంచె పక్కన నిలబడ్డవాణ్ణని నువ్వే రాశావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాడికి నీళ్ళ చల్లదనం తెలీదు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్నది మన వృత్తి జబ్బు. నాకూ ఉండేది, ముప్పయ్యేళ్ళు పట్టింది తగ్గడానికి, ఇప్పటికీ చలికాలంలో తిరగబెడుతుంది. నేను చేసేవి రాస్తా. నచ్చినవి తీసుకో.

సెషన్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరవను. తెల్ల కాగితం, పెన్ను ఇస్తా. ట్రాక్ గియ్యమంటా. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. బ్రేక్ ఎక్కడ వేస్తున్నాడు, చూపు ఎక్కడ పెడుతున్నాడు, రోడ్డు ఎక్కడ ఎగుడు, ఎక్కడ వాలు, కెర్బ్ ఎక్కడ కారుని ఎగరేస్తోంది, అన్నీ పెట్టమంటా. కొన్ని మలుపుల దగ్గర కాగితం నల్లగా నిండిపోతుంది. కొన్ని చోట్ల ఉత్త గీత. ఆ ఉత్త గీత ఉన్నచోట కుర్రాడు కళ్ళు తెరిచే ఉన్నాడు కానీ చూడట్లేదు. టైం పోయేది చాలావరకు అక్కడే. నేనేమీ చెప్పను. "ఇక్కడ కాగితం ఖాళీగా ఉందే, వచ్చే సెషన్‌లో మూడు గుర్తులు పట్టుకురా" అంటా. వాడు మూడు గుర్తులు వెతికే పనిలో తల ఎత్తి దూరం చూడ్డం మొదలుపెడతాడు. తల ఎత్తు, తల ఎత్తు అని రేడియోలో వందసార్లు అరిస్తే జరగనిది అలా జరుగుతుంది.

తర్వాత అంకెలు. "మలుపు 4లో ఎంత గ్రిప్ వాడావు, 10కి?" అని అడుగుతా. 7 అంటాడు. నిజంగా 7 అవునో కాదో నాకనవసరం. "వచ్చే సెషన్‌లో 8 చేసి చూడు, 8 అంటే ఒంటికి ఎలా తెలుస్తుందో వచ్చి చెప్పు." వాడు టైరు చప్పుడు వినడం మొదలుపెడతాడు, స్టీరింగ్ బరువు తగ్గడం గమనిస్తాడు, నడుం దగ్గర కారు తిరగడం పట్టుకుంటాడు. లాప్ టైమర్ మీద టేపు అంటించి, పిట్‌లోకి వచ్చాక "ఎంత చేశావో నువ్వే చెప్పు" అంటా. మొదట రెండు సెకన్లు అటూ ఇటూ చెబుతారు. ఒక సీజన్ తిరిగేసరికి కొందరు సెకనులో రెండు మూడు పదో వంతుల తేడాలో చెప్పేస్తారు. అలా చెప్పగలిగినవాడికి తను ఎక్కడ పోగొట్టుకున్నాడో కూడా తెలుస్తుంది.

ఇక అడిగే పద్ధతి. "ఎందుకలా చేశావ్?" అని అడగకు. అది ప్రశ్నలా వినిపించదు, పోలీసు స్టేషన్‌లా వినిపిస్తుంది. జవాబుగా సాకు వస్తుంది. ఏం జరిగింది, ఏది ముందు జరిగింది అని అడుగు.

ఉదాహరణ చెప్తా. కుర్రాడొచ్చి "అండర్‌స్టీర్, ముందు టైర్లు పట్టట్లేదు, స్టీరింగ్ తిప్పినంత కారు తిరగట్లేదు" అంటాడు. వెంటనే రెంచి తీసే ఇంజనీర్లను చూశాను, వెంటనే "నువ్వు స్పీడెక్కువ వెళ్తున్నావ్" అనే కోచ్‌లనూ చూశాను. నేను అడిగేది: ముందు టైర్లు జారడం మొదలైనప్పుడు నీ కాలు ఇంకా బ్రేక్ మీద ఉందా, అప్పటికే వదిలేశావా? చాలామందికి తెలీదు. తెలీదని తెలియడమే ఆ రోజు పాఠం. వెళ్ళి చూసుకుని వస్తాడు. "వదిలేసిన మరుక్షణం సార్" అంటాడు. బ్రేక్ మీద ఉన్నంతసేపూ బరువు ముందు టైర్ల మీద ఉంటుంది, గబుక్కున వదిలితే ఆ బరువు వెనక్కి పోతుంది, స్టీరింగ్ తిప్పి ఉన్నా ముందు టైర్లకి నొక్కే బరువు లేదు. ఈ సంగతి నేను చెబితే వాడి బుర్రలో ఒక సూత్రంగా ఉంటుంది. "వదిలేసిన మరుక్షణం" అని వాడి నోటితో వాడే అన్నాక ఇంకో ట్రాక్‌లో, ఇంకో కార్లో కూడా ముందు తన కాలినే అనుమానిస్తాడు.

అడిగాక నోరు మూసుకో. పది సెకన్లు. ఇదే అన్నిటికంటే కష్టం.

#6 కుడికాలు_బరువు

> ఏం జరిగింది, ఏది ముందు జరిగింది అని అడుగు.

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది కాబట్టి మర్యాదగానే అడుగుతా. నిన్న మొన్న హెల్మెట్ కొనుక్కున్నవాడిని ఇదే అడిగితే? వాడికి అండర్‌స్టీర్ అంటేనే తెలీదు. తెలియనివాణ్ణి ప్రశ్నిస్తే ఊహించి చెబుతాడు, ఆ ఊహనే నిజమని గుండెల్లో పెట్టుకుంటాడు. ఇక బ్రేక్ నూనె కాగిపోయి పెడల్ మెత్తబడుతుంటే "నీకేమనిపిస్తోంది బాబూ" అని అడుగుతారా?

ఇంకో రకం వాళ్ళనీ చూశా. "బ్రేక్ కాస్త తొందరగా వేశావని నీకనిపించట్లేదూ?" అంటారు. ప్రశ్న గుర్తు తగిలించిన ఆర్డరు అది. దానికంటే "బ్రేక్ లేటుగా వెయ్యి" అనడం నిజాయితీ.

#7 పాత_టైరు

మూడూ ఒప్పుకుంటున్నా.

జెండాలు, పిట్ ఎగ్జిట్ గీత, దాటనిచ్చే పద్ధతి, కారు తిరిగిపోతే రెండు కాళ్ళూ నొక్కి పట్టుకోవడం, ఇవి ప్రశ్నోత్తరాలు కావు. చెప్తా, వాడిచేత తిరిగి చెప్పిస్తా, తప్పితే ఆ రోజుకి కారు దింపేస్తా. కొత్తవాడికి మొదటి రోజు లైన్ (ట్రాక్ మీద కారు పోవాల్సిన దారి) కూడా చూపిస్తా, ముందు కూర్చోబెట్టుకుని తిప్పి మరీ. పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటేనే కదా ఆలోచన పుట్టేది. పెడల్ మెత్తబడితే "లోపలికి రా", రెండు మాటలు, అంతే.

మన పిట్‌వాల్ కుర్రాడిది రెండో సీజన్. వాడికి ఇంకా మొదటి రోజు మోతాదే పడుతోంది. గొడవ అక్కడ.

#8 సిమ్_సుబ్బు

ఇక్కడ నిజం కార్లు తోలేవాళ్ళ మధ్య మాట్లాడొచ్చో లేదో గానీ, మా సిమ్ (కంప్యూటర్లో ఆడే రేసింగ్) లోకంలో ఈ జబ్బుకి రంగు కూడా ఉంది. ట్రాక్ మీద గీత వేసి చూపిస్తుంది కదా, ఆకుపచ్చ అంటే తొక్కు, ఎరుపు అంటే బ్రేక్. రెండేళ్ళు దాంతో ఆడా. ఒకరోజు ఆపేశా. ట్రాక్ మాయమైపోయింది! అంటే రెండేళ్ళు నేను చూసింది గీతని, ట్రాక్‌ని కాదు. పక్కన చెట్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది, నిజంగా.

మొదటి వారం నాలుగు సెకన్లు పోయాయి. నెలన్నరకి పాత టైం దాటేశా. ఆ మధ్యలో మళ్ళీ గీత పెట్టుకుందామా అని రోజూ అనిపించింది. అందుకే పిట్‌వాల్ అన్నా, మీ కుర్రాడికి ఆ మధ్య కాలం ఒకటుంటుందని ముందే చెప్పండి. వాళ్ళ నాన్నకి ఇంకా ముందే చెప్పండి.

#9 పేస్‌నోట్స్

ర్యాలీ వైపు నుంచి ఒక మాట. మా దగ్గర పక్క సీట్లో మనిషి ఆపకుండా మాట్లాడతాడు, నేనే ఆ మనిషిని. మరి మా డ్రైవర్లు రిమోట్ కార్లా? కాదు. ఎందుకంటే నేను చదివే మాటలు డ్రైవర్‌వే. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రెక్కీకి (పోటీకి ముందు దారి చూసుకోవడానికి) మామూలుగా ఒక్కో స్టేజీ (పోటీ జరిగే రోడ్డు ముక్క) మీద రెండుసార్లు తిరగనిస్తారు. మొదటిసారి డ్రైవర్ మలుపు చూసి, ఎంత వంపు, ఎంత పొడవు, లోపల మూసుకుంటుందా తెరుచుకుంటుందా అని తన భాషలో చెబుతాడు, నేను రాసుకుంటా. రెండోసారి సరిదిద్దుకుంటాం. స్టేజీలో నా గొంతులో వినిపించేది వాడి ఆలోచనే.

వేరేవాళ్ళ నోట్స్ కొనుక్కుని తోలినవాళ్ళనీ చూశాం. మలుపు వంపుకి ఒకడిచ్చే అంకె "నాలుగు" అయితే, అదే మలుపుకి ఇంకొకడిది "మూడు". గుడ్డిగా నమ్మితే చెట్టు దగ్గర తేలుతుంది ఎవరి లెక్క ఎవరిదో.

కాబట్టి మాట్లాడ్డం ఆపెయ్యక్కర్లేదేమో. ఎవరి మాట అన్నది చూసుకోండి. సెషన్‌కి ముందు కుర్రాడే "మలుపు 4 ముందు నాకు ఈ మాట గుర్తుచెయ్యండి" అని రాసిస్తే, రేడియోలో అదొక్కటే అనండి.

#10 కార్టింగ్_నాన్న

మా అమ్మాయికి పదకొండేళ్ళు. కంచె దగ్గర నిలబడి చేతులు ఊపే నాన్నల్లో నేనే నంబర్ వన్. తొందరగా తిప్పు, ఇంకా లేటుగా, వెడల్పుగా రా, అన్నిటికీ సైగలున్నాయి. ఒకరోజు పాప వచ్చి "నాన్నా, నువ్వు ఊపేది చూడాలని ఆ మలుపులో నీ వైపు చూస్తున్నా, అందుకే అపెక్స్ తప్పుతోంది" అంది (అపెక్స్ అంటే మలుపులో లోపలి అంచుని తాకాల్సిన చోటు).

అప్పట్నుంచి జేబుల్లో చేతులు. ఇంతకంటే నా దగ్గర జ్ఞానం ఏమీ లేదు.

#11 రెండో_గేరు

నాన్న గారికి దండం.

ఫార్ములా వన్‌లో కూడా ఇదే గొడవ జరిగింది కదా. 2016 సీజన్లో రేడియో మీద గట్టి ఆంక్షలు పెట్టారు, డ్రైవర్ ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా కారు నడపాలన్న నియమాన్ని బిగించి. బాకులో హామిల్టన్ కారు ఇంజన్ సెట్టింగ్ తప్పు మోడ్‌లో ఇరుక్కుంది. ఏ స్విచ్ తిప్పాలో ఇంజనీర్‌కి తెలుసు, చెప్పకూడదు. హామిల్టన్ స్టీరింగ్ మీద వెతుక్కుంటూ చాలా ల్యాప్‌లు పోగొట్టుకున్నాడు. తర్వాత సిల్వర్‌స్టోన్‌లో రాస్‌బర్గ్‌కి గేర్‌బాక్స్ ఇబ్బంది వస్తే ఏడో గేరు వాడకని టీం చెప్పింది, 10 సెకన్ల శిక్ష పడి రెండో స్థానం మూడోదైంది. అదే జులై చివర్లో జర్మనీ రేసుకి ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు.

#12 డేటా_పిచ్చోడు

బాకు ఉదాహరణ ఇక్కడ సరిపోదు అనుకుంటా. పది స్విచ్‌ల్లో ఏది అన్నది ఆలోచనా శక్తికి పరీక్ష కాదు, మాన్యువల్ బట్టీకి పరీక్ష. స్టీరింగ్ మీద మెనూలు వెతుకుతూ గంటకి మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోవడం ఎవరికీ పాఠం కాదు. డ్రైవర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి దగ్గర డ్రైవర్ ఆలోచించాలి. మెషీన్‌కి తెలిసినదాన్ని మెషీనే చెప్పొచ్చు.

దీనికి మంచి జంట ఉదాహరణ ఉంది. 2020 ఇస్తాంబుల్, తడి ట్రాక్. హామిల్టన్ ఒకే ఇంటర్మీడియట్ టైర్ల (కొద్దిపాటి తడికి వాడే గాడుల టైర్లు) మీద 50 ల్యాప్‌లు నడిపాడు, అవి అరిగి దాదాపు స్లిక్‌లైపోయాయి (గాడుల్లేని నున్నటి టైర్లు). చివర్లో మార్చుకోనని బయటే ఉండి గెలిచాడు, ఏడో టైటిల్. ఇదే మనిషి 2007లో షాంఘైలో అరిగిన ఇంటర్మీడియట్‌లతో పిట్ దారిలో జారి గులకరాళ్ళలో కూరుకుపోయి టైటిల్ అవకాశాన్ని దెబ్బతీసుకున్నాడు. పదమూడేళ్ళలో ఆ టైరు కింద ఎంత మిగిలిందో ఒంటితో చదవడం నేర్చుకున్నాడన్నమాట.

ఇప్పుడు 2021 సోచి. నోరిస్ ముందున్నాడు, చివరి ల్యాప్‌లలో వాన మొదలైంది. టీం అడిగితే పిట్‌కి రానన్నాడు. వాన పెరిగింది, జారిపోయాడు, ఏడో స్థానం. వెనకున్న హామిల్టన్ మొదటి పిలుపుకి రాలేదు, మరుసటి ల్యాప్‌లో వచ్చాడు, నూరో విజయం.

ఇస్తాంబుల్‌లో సొంతంగా ఆలోచించినవాడు హీరో, సోచిలో సొంతంగా ఆలోచించినవాడు ఓడాడు అని చదివితే ఏమీ అర్థం కాదు. టైరు కింద పట్టు ఎంతుందో డ్రైవర్‌కి తెలుస్తుంది. అయిదు నిమిషాల తర్వాత పడబోయే వాన డ్రైవర్ కంటికి కనిపించదు, రాడార్‌లో కనిపిస్తుంది. ఏ సమాచారం ఎవరి దగ్గరుందో తెలుసుకుని, తన దగ్గర లేనిదాన్ని అడిగి తీసుకోవడం కూడా ఆలోచనలో భాగమే.

#13 కుడికాలు_బరువు

నోరిస్ తప్పేం లేదు. టీం కూడా గట్టిగా చెప్పలేదు. హామిల్టన్ అభిమానులు ప్రతి థ్రెడ్‌లోనూ...

#14 ఎర్రజెండా (మోడరేటర్)

అభిమాన యుద్ధాలకి పక్కన వేరే గది ఉంది. కింద పడిన పదకొండు పోస్టులు అక్కడికి తరలించాను. కోచింగ్ గురించి మాట్లాడండి.

#15 పిట్‌వాల్_గొంతు

రెండు టెస్ట్ రోజులు అయ్యాయి. నిజాయితీగా రాస్తా.

మొదటి రోజు రేడియో పూర్తిగా ఆపేశా, అత్యవసరానికి తప్ప. వాళ్ళ నాన్నకి ముందే చెప్పా (సుబ్బూ, థాంక్స్). అయినా మధ్యాహ్నానికి దగ్గరికొచ్చి "మౌనవ్రతానికి కూడా ఫీజు ఉంటుందా సార్?" అన్నారు. నవ్వుతూనే, కానీ పళ్ళు బిగించి. కుర్రాడు పొద్దున రెండు సెకన్లు, సాయంత్రం ఒకటీ పావు నెమ్మది.

కాగితం మీద ట్రాక్ గీయించా. మాస్టారు చెప్పింది కళ్ళతో చూశా. మలుపు 2 నల్లగా ఉంది, అక్కడ నేను ఎక్కువ మాట్లాడతా. 6, 7, 8 ఉత్త గీత. అక్కడ రేడియో సిగ్నల్ సరిగ్గా అందదు, నేనెప్పుడూ మాట్లాడలేదు. అంటే ఆ కాగితం మీద ఉన్నది వాడి జ్ఞాపకం కాదు, నా మాటల మ్యాపు.

రెండో రోజు ప్రశ్నలు మొదలుపెట్టా. ఇక్కడ నాకు ఇంకో దెబ్బ. మధ్యాహ్నానికల్లా వాడు నా మొహం చూసి జవాబు చెప్పడం నేర్చేసుకున్నాడు. "బ్రేక్ మీద ఉన్నావా, వదిలేశావా?" అంటే "వదిలే..." అని నా కనుబొమ్మ చూసి "...య్యలేదు, ఉన్నా సార్" అంటాడు. ఇదివరకు ఆజ్ఞల మీద ఆధారపడ్డాడు, ఇప్పుడు నా ముఖకవళికల మీద. ఇదేమన్నా మెరుగా?

#16 పాత_టైరు

హహహ. తెలివైన కుర్రాడు. మొహం చదవగలిగినవాడు టైరు కూడా చదువుతాడు, భయపడకు.

నువ్వు అక్కడ ఉండకు. కారు ఆగగానే, బెల్టు విప్పకముందే, ఫోన్ చేతికిచ్చి దూరం వెళ్ళిపో. రెండు నిమిషాలు ఒక్కడే మాట్లాడి రికార్డు చెయ్యనీ. ఆ తర్వాతే డేటా, ఆ తర్వాతే నువ్వు. వరస మారకూడదు. ముందు గ్రాఫ్ చూస్తే గ్రాఫ్‌లో ఉన్నదే తనకి అనిపించిందని నమ్మేస్తాడు.

#17 డేటా_పిచ్చోడు

దీనికి తోడు, గ్రాఫ్ తెరిచే ముందు అంచనా గీయించండి. "మలుపు 4లో కనిష్ఠ వేగం పొద్దుటికంటే ఎక్కువా తక్కువా? ఎంత?" అని. తప్పు చెప్పినా పర్లేదు, తేడా కనబడ్డప్పుడే బుర్ర కదులుతుంది. ఒక్కసారి ఒక్కటే మార్పు, కనీసం మూడు ల్యాప్‌లు. బ్రేకూ, లైనూ, గేరూ ఒకేసారి మార్చి వచ్చి "బాగుంది" అంటే అందులో సమాచారం సున్నా.

ఇంకో సంగతి, కుర్రాళ్ళు బ్రేక్ ఎంత లేటుగా వేశామన్నదాని మీదే పడతారు, అదే మగతనం అనుకుంటారు. 600 మీటర్ల స్ట్రెయిట్ మీద సగటు వేగం సెకనుకి 50 మీటర్ల బదులు 51 అయితే పావు సెకను దాకా కలిసొస్తుంది. అది ఎగ్జిట్‌లో వచ్చే డబ్బు. ఇది మీరు చెప్పకండి. రెండు ల్యాప్‌లు ఒకదానిమీద ఒకటి పెట్టి, "ఈ తేడా ఎక్కడ మొదలైంది?" అని వేలు పెట్టించండి. వేలు వాళ్ళంతట వాళ్ళే వెనక్కి, మలుపులోకి, బ్రేక్ వదిలిన చోటికి జరుగుతూ పోతుంది. చూడ్డానికి భలే ఉంటుంది.

#18 కుడికాలు_బరువు

రికార్డింగ్ సంగతి మాత్రం నాకు నచ్చింది. ఈ వారం నామీదే ప్రయోగించుకున్నా. సెషన్ తర్వాత రెండు నిమిషాల్లో "టైర్లు పోయాయి" అని అయిదుసార్లు అన్నా. టైర్లు కొత్తవి.

ఇక ఏమీ మాట్లాడను.

#19 పిట్‌వాల్_గొంతు

ఇంకో మూడు టెస్ట్ రోజులు, ఒక రేసు అయ్యాయి. రేసులో ఆరో స్థానం, పోయినేడు ఇదే ట్రాక్‌లో అయిదు. కాబట్టి ఎవరూ బాజాలు మోగించకండి.

కానీ ఒకటి జరిగింది. రెండో టెస్ట్‌లో రికార్డింగ్ విన్నా. వాడి గొంతు, రొప్పుతూ: "7 ఎగ్జిట్‌లో ఏదో తంతోంది. వెనక టైరు ఒక్క క్షణం గాల్లోకి లేచినట్టుంది. గ్యాస్ అక్కడే తొక్కుతున్నా, అందుకే తిరగబోతోంది. అడుగు లోపల నుంచి వెళ్ళి చూస్తా." నేను ఈ ట్రాక్‌లో ఆరేళ్ళుగా కోచింగ్ చేస్తున్నా. 7 ఎగ్జిట్‌లో గతుకుందని నాకు తెలీదు. సాయంత్రం నడిచి వెళ్ళి చూశా. ఉంది. నేను చెప్పే లైన్ సరిగ్గా దాని మీద నుంచే పోతుంది. రెండేళ్ళుగా వాడిని ఆ గతుకు మీదకి నేనే తోలుతున్నా, వాడు ప్రతిసారీ కారుని సర్దుకుంటూ "సరే సార్" అంటున్నాడు.

ఇప్పుడు కొత్త తగువు. మలుపు 4లో నేను రెండో గేరు అంటా. వాడు మూడో గేరులో పోతానంటాడు. "రెండులో బయటికి వచ్చేటప్పుడు వెనక టైర్లు తిరిగిపోతున్నాయి సార్, మూడులో మొదట మందంగా ఉన్నా చక్రం నిలుస్తోంది" అంటాడు. నాతో మొదటిసారి వాదించాడు! ఆరు ల్యాప్‌లు రెండుతో, ఆరు మూడుతో తిప్పాడు, ఆలోచన వాడిదే. టైములు చూస్తే తేడా లేదు. నాకేమో రెండే కరెక్ట్ అని ఇంకా అనిపిస్తోంది. ఇది అనుభవమో అహమో తేలట్లేదు. డేటా గారూ, ఫైల్ పంపితే చూస్తారా?

#20 డేటా_పిచ్చోడు

పంపండి. ల్యాప్ టైం మొత్తం కాదు, 4 నుంచి 5 బ్రేకింగ్ వరకు ముక్క చూడాలి. ఆ పన్నెండు ల్యాప్‌లు ఏ వరసలో తిప్పాడు? మొదటి ఆరూ రెండో గేరు, తర్వాతి ఆరూ మూడో గేరు అయితే రెండో సగానికి టైర్లు అరిగి ఉంటాయి, అప్పుడు "తేడా లేదు" అంటే మూడో గేరే మేలని కూడా అర్థం కావచ్చు.

#21 పిట్‌వాల్_గొంతు

అదే వరస. ఇప్పుడు వాడికి ఫోన్ చేసి అడిగా. "అవును సార్, టైర్ల సంగతి నాకూ రాత్రి తట్టింది, శనివారం తిరగేసి తిప్పుదామనుకున్నా, మీరు ఒప్పుకోరేమోనని చెప్పలేదు" అన్నాడు.

ఫైల్ ఎక్కట్లేదు, సైజు ఎక్కువంటోంది. ఎర్రజెండా గారూ, లిమిట్ పెంచడానికి వీలవుతుందా?